మొహాలు కడిగే వేళ

సాయంత్రం ఐదుంబావుకి మా వీధి కుళాయికి నీళ్ళు వచ్చేవి. ఐదున్నరకి మా ఆయన నలుగురు పిల్లల్నీ అక్కడ వరసగా నిలబెట్టి మొహాలు కడిగేవాడు.

ఇందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. తండ్రి పిల్లల మొహాలు కడగడం వార్త కాదు. మా వీధిలో మాత్రం అది వార్తే అయింది, చాలా కాలం వార్తగానే ఉంది. కాబట్టి ఆ వీధి గురించి కూడా కొంత చెప్పాలి.

మా ఊరు సత్తెనపల్లికి బస్సులో అరగంట దూరం. నల్లరేగడి నేల. ఒక చేలో పత్తి, పక్క చేలో మిరప. మాకు సొంతది కొంచెం, కౌలుకి తీసుకున్నది కొంచెం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. ఆ నాలుగు నెలలూ నేను చేలోనో, కాయలు ఆరబోసిన కల్లంలోనో ఉండేదాన్ని.

మిరపకాయ కోసిన చెయ్యి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెప్పడం కష్టం. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఎర్రబడదు, బొబ్బలెక్కదు. సబ్బుతో కడిగితే సబ్బు వాసన కూడా వస్తుంది. ఘాటు మాత్రం పోదు. నూనె రాసి, బూడిదతో తోమి, మళ్ళీ సబ్బు పెట్టి కడిగినా, మర్నాడు పొద్దున నిద్రమత్తులో కన్ను నలుపుకుంటే ఆ కన్ను మంట పెడుతుంది. అందుకే మా ప్రాంతంలో ఆడవాళ్ళు కోతల్లో ముక్కు దురద పుడితే మోచేత్తో రుద్దుకుంటారు. మొహం మీద వెంట్రుక పడితే భుజంతో తోసుకుంటారు. పాలిచ్చే తల్లులు రవికె హుక్కులు ఇంకొకరి చేత తీయించుకుంటారు. పిల్లల మొహం జోలికి అసలు పోరు.

అందుకని ప్రతి ఇంట్లోనూ కోతల కాలంలో ఒకరి చేతులు మిరపకాయకి దూరంగా ఉంచుతారు. మామూలుగా అది నాయనమ్మ. నాయనమ్మ లేకపోతే ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల. వాళ్ళు పిల్లలకి స్నానాలు చేయిస్తారు, అన్నాలు కలిపి పెడతారు. మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయింది. ఆడపిల్ల లేదు. ఉన్నవాళ్ళు నలుగురూ మగపిల్లలు. అందుకని ఆ చేతులు మా ఆయనవి అయ్యాయి. ఆ నాలుగు నెలలూ ఆయన కాయ ముట్టుకునేవాడు కాదు. చేలకి నీళ్ళు పెట్టడం, పత్తి పని చూసుకోవడం, బస్తాలు బండికెత్తడం ఆయన వంతు. బస్తా మూతి కట్టేటప్పుడు కూడా చేతికి గుడ్డ చుట్టుకునేవాడు.

ఇది ఎవరి కొంపా ముంచని ఏర్పాటు. అయినా కుళాయి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చునే మగవాళ్ళకి ఇదొక పెద్ద కాలక్షేపం.

"ఏరా, నీ పెళ్ళాం చేతులు అరిగిపోతాయనా?"

"అరగవురా. ఇప్పుడే కాయ కోసొచ్చినయ్. దా, నీ మొహం కూడా కడగమంటా."

అందరూ నవ్వేవాళ్ళు. మర్నాడు మళ్ళీ అదే మాట అనేవాళ్ళు. కొత్త మాట వెతుక్కోవడానికి కూడా బద్ధకించే మనుషులు వాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో అదే సమయానికి డెబ్భై ఏళ్ళ తల్లి మోకాళ్ళ నొప్పులతో వంగి మనవల ముక్కులు తుడుస్తుండేది. అది చూస్తే వాళ్ళకి నవ్వొచ్చేది కాదు.

ఆయన కడిగే పద్ధతి ఎప్పుడూ ఒకటే. "చేతులెనక్కి. కళ్ళు మూయ్. నోరు కూడా." ప్రతి పిల్లాడికీ ఈ మూడు మాటలూ అనేవాడు. చేతులు వెనక్కి ఎందుకంటే, కల్లం పక్కన ఆడుకునే పిల్లల చేతులకి ఎంతో కొంత ఘాటు అంటుకునే ఉంటుంది, కంట్లో నీళ్ళు పడగానే వాళ్ళు ఆ చేతుల్తోనే కళ్ళు రుద్దుకుంటారు. ముందు చేతులు కదలకుండా చూస్తే సగం పని అయినట్టే అనేవాడు. పెద్దవాడు తను పెద్దవాణ్ణయిపోయానని గొణుగుతూ నిలబడేవాడు. రెండోవాడికి ఆ సమయంలోనే సందేహాలన్నీ వచ్చేవి. మూడోవాణ్ణి సందు చివరి నుంచి ఈడ్చుకురావాలి. చిన్నవాడు నోటి నిండా నీళ్ళు పట్టి తండ్రి చొక్కా మీద ఊసేవాడు.

నేను గుమ్మం దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తూ నిలబడేదాన్ని. పిల్లలతో పాటు నాకూ అలవాటైపోయింది.

నలుగురు మగపిల్లలున్న ఇంటి గురించి పుస్తకాల్లో కోలాహలం అని రాస్తారు. మా ఊరి గ్రంథాలయం మూతపడేలోపు అందులో ఉన్న పుస్తకాలు దాదాపు అన్నీ చదివాను. ఆ మాట రాసినవాళ్ళెవరూ మా ఇంట్లో ఒక ఆదివారం గడిపి ఉండరని నా నమ్మకం. మగపిల్లాడికి ఒక వస్తువు కనబడితే దాంతో దేన్ని కొట్టొచ్చో ముందు చూస్తాడు. గరిటె, గొడుగు, పత్తికట్టె, తమ్ముడి చెయ్యి, ఏదైనా సరే. గోడ మీద బంతి కొడతారు, బంతి పోతే చెప్పు కొడతారు. అన్నం తిన్న చేతులు తలుపు రెక్కకి తుడుస్తారు. వాళ్ళ జేబులు వెతక్కుండా ఉతికితే బావి దగ్గర మేకులు, గోళీలు, ఒకసారి చచ్చిన తొండ.

"అమ్మా, వీడు నన్ను చూస్తున్నాడే."

"చూస్తే ఏమైందిరా?"

"ఊరికే చూస్తున్నాడు."

"నేను వాణ్ణి చూట్టంలా. వాడి వెనకాల గోడ చూస్తన్నా."

"నా వెనకాల గోడ నువ్వెందుకు చూడాలిరా?"

దీని మీద ఇద్దరు కొట్టుకుని, మూడోవాడు తీర్పు చెప్పబోయి తన్నులు తిని, నాలుగోవాడు ఊరికే ఏడ్చిన రోజులు నాకు లెక్కలేనన్ని గుర్తున్నాయి. ఇందులో ముద్దు ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు.

అయినా ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషీ గుమ్మంలోనే చేతులు జోడించేది. "నలుగురూ మగపిల్లలే! రాణివమ్మా నువ్వు." రాణులు చెడ్డీలు ఉతుకుతారని నేనెక్కడా చదవలేదు. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఒక్క పూట ఆ నలుగురినీ తమ ఇంటికి తీసుకుపోయి చూసినవాళ్ళు కారు. ఆడపిల్లలున్న తల్లి పక్కనే కూర్చుని ఉన్నా ఆ మాట అనడానికి వాళ్ళకి మొహమాటం ఉండేది కాదు.

ఆయన పోయింది ఫిబ్రవరిలో, రెండో కోత మధ్యలో. పొద్దున్నే పత్తికట్టె పీకడానికి వెళ్ళాడు. కాసేపయ్యాక గట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. దీని గురించి ఇంతకంటే రాయను. రాసినా అవే మాటలు ఇంకొంచెం పొడుగవుతాయి.

పెద్దవాడికి అప్పుడు పన్నెండు, చిన్నవాడికి నాలుగు. భూస్థాపన అయిన మర్నాడు సాయంత్రం కుళాయికి నీళ్ళు వచ్చాయి. నలుగురూ వెళ్ళి వరసగా నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. పక్కింటామె వెళ్ళి కడిగింది. ఆమెకి వాళ్ళ పద్ధతి తెలియదు. చిన్నవాడు ఆమె చీర మీద ఊశాడు.

మా చర్చి సంఘంలో భూస్థాపన తర్వాత ఒక రోజు ఆదరణ కూడిక పెడతారు. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని ఆదరించడం దాని ఉద్దేశం. షామియానా, మైకు, ఫ్లెక్సీ, బిర్యానీ. వీటన్నిటి ఏర్పాట్లూ దుఃఖంలో ఉన్న కుటుంబమే చూసుకోవాలి. ఫ్లెక్సీ మీద మబ్బులు, రెండు పావురాలు, పైకి పోయే మెట్లు వేశారు. మెట్ల మీద మా ఆయన నల్లకోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. మొహం ఆయనది, కోటు ఎవరిదో. ఆయన పెళ్ళికి కూడా కోటు వేసుకోలేదు. అది చూసి మూడోవాడు, "నాన్న కలెక్టర్ లాగున్నాడే" అన్నాడు. ఆ రోజు ఆ బొమ్మ గురించి ఎవరైనా అన్న ఒకే ఒక్క సరైన మాట అది.

రెండో కోత కాయ అప్పటికి కల్లంలో ఉంది. మా ఇంటి పక్క ఖాళీ స్థలమే మా కల్లం. ఆరబోసిన కాయని రోజూ తిరగెయ్యాలి. తిరగెయ్యకపోతే కింద పక్క మచ్చలు పడి, తెల్లబడి తాలుకాయ అయిపోతుంది. కూడిక రోజు పొద్దున కూడా నేను వెళ్ళి తిరగేశాను. అది చూసి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గుసగుసలాడారు. వాళ్ళలో ఒకామె నాకు వినబడేలాగే అంది.

"మొగుడు పోయి పదిరోజులు కాలా, కాయల మీద ఎట్టా మనసు పోయిందో."

ఆమె మొగుడు బతికే ఉన్నాడు. ఆమె కాయ ఆమె కూతురు తిరగేస్తుంది.

పదింటికి మా బావగారు కారులో దిగారు. ఆయన మా ఆయనకి పెద్దన్న. చిలకలూరిపేటలో హైవే పక్కన ఆయనకి లారీ ఆఫీసు ఉంది. ఊరు వదిలి పాతికేళ్ళు దాటింది. ఇద్దరు కూతుళ్ళకీ పెళ్ళిళ్ళు చేసేశారు. తెల్లచొక్కా, తెల్లపంచె, భుజం మీద జరీ అంచు కండువా. దిగగానే పిల్లల దగ్గరికి కాదు, నేరుగా కల్లంలోకి నడిచారు. గుప్పెడు కాయలు తీసుకుని, ఒక్కొక్కటీ విరిచి, గింజలు అరచేతిలో రాల్చి, వేళ్ళతో నలిపి వాసన చూశారు. కొనడానికి వచ్చిన వ్యాపారి చేసే పని అది.

"కాయ బాగుందమ్మాయ్. రంగుంది."

"నూనె సీసా అరుగు మీదుంది బావగారూ. చేతులకి రాసుకుని కడుక్కోండి."

ఆయన నవ్వారు. "నాకు చెప్తున్నావా? మిరప చేలో పుట్టినోణ్ణమ్మా నేను."

చేతులు కండువాకి తుడుచుకుని షామియానా కిందికి వెళ్ళిపోయారు.

పాస్టరు గారు వాక్యం చెప్పారు. పాటలు పాడారు. తర్వాత బావగారు మైకు తీసుకున్నారు. తమ్ముడు తన కుడిభుజం అన్నారు. ఆ కుడిభుజం ఎక్కడుందో ఎలా ఉందో చూడటానికి ఆయన మా గడప తొక్కి మూడేళ్ళయింది. ఆ మాట చుట్టాలందరికీ తెలుసు. అందరూ తలలూపారు. మైకులో ఏం చెప్పినా తలూపడం మా వాళ్ళకి అలవాటు.

"ఈ నలుగురు బిడ్డల్నీ నా తమ్ముడు నా మీద పెట్టి పోయాడు," అన్నారు ఆయన. "అందరి ముందూ చెప్తున్నా. పెద్దోణ్ణి నరసరావుపేటలో హాస్టల్లో వేస్తా. రెండోవాడు, మూడోవాడు నా దగ్గర ఉంటారు. ఆఫీసు పని నేర్చుకుంటారు. చిన్నోణ్ణి మా చెల్లెలు కనిగిరి తీసుకుపోద్ది. తల్లికి భారం తగ్గుద్ది."

ఆ మాట నేను మైకులోనే మొదటిసారి విన్నాను. ఎవరి విస్తట్లో ఎన్ని ముక్కలు వెయ్యాలో చెప్పినట్టు చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఆదరణ కూడికలో చప్పట్లు కొట్టడం నేను అప్పుడే చూశాను.

నేను లేచి, "పిల్లలు నా దగ్గరే ఉంటారు బావగారూ" అన్నాను. నా దగ్గర మైకు లేదు. ముందు వరసలో ఉన్నవాళ్ళకి మాత్రం వినబడింది.

"ఆవేశపడకమ్మా. కూర్చో," అన్నారు మైకులో. అది అందరికీ వినబడింది.

నా పక్కన మా ఆడపడుచు కూర్చుని ఉంది. కనిగిరి నుంచి వచ్చింది. నాకంటే పెద్దది, వదినా అని పిలుస్తాను. ఆమెకి పిల్లలు లేరు. ఆమె మంచి మనిషి, అందుకే ఆమె మాట నాకు ఎక్కువ గుచ్చుకుంది. చెవి దగ్గరికి వంగి చిన్నగా అంది.

"కోపం తెచ్చుకోమాక. ఒక్క సంగతి చెప్పు. కోతల్లో నీ చేతులు పిల్లల్ని ముట్టుకోటానిక్కూడా పనికిరావు గదా. ఇన్నాళ్ళూ మా తమ్ముడు చేశాడు. ఇప్పుడు ఎవరు కడుగుతారు వాళ్ళ మొహాలు? కోత మానేస్తే ఏం తింటారు?"

ఆయన పోయినప్పటి నుంచీ నన్ను నేను అడుగుతున్నదీ అదే. బావగారి మాట తీసిపారెయ్యగలను. చప్పట్లు కొట్టినవాళ్ళని జన్మలో లెక్కచెయ్యకుండా ఉండగలను. ఐదున్నరకి కుళాయి దగ్గర నిలబడే నలుగురిని ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు. పక్కింటామె రోజూ రాదు. నేను కాయ ముట్టుకోకుండా ఉంటే కౌలు చేను ఉండదు. వదిన నా మోకాలి మీద చెయ్యి వేసి, "చిన్నోడి గుడ్డలు ఒక సంచిలో సర్దు. సాయంత్రం బస్సుకి పోతా" అంది. నేను వద్దనలేదు.

అప్పుడు బావగారు చిన్నవాణ్ణి ముందుకి పిలిచారు. వాడు వెళ్ళాడు. బిర్యానీ ఎప్పుడు పెడతారని అడగడానికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. ఆయన వాణ్ణి ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి. ఆయన గొంతు వణికించారు.

"ఏడవమాకరా నాన్నా. నాన్న లేడని ఏడవమాక. పెదనాన్న ఉన్నాడు."

వాడు ఏడవడం లేదు. నోరు తెరుచుకుని ఫోన్ల వంక చూస్తున్నాడు. ఆయన రెండు బొటనవేళ్ళతో వాడి రెండు కళ్ళూ తుడిచారు. తర్వాత అదే చేత్తో తన కళ్ళు కూడా తుడుచుకున్నారు.

నేను కుర్చీలోంచి లేచేసరికే వాడు కేక పెట్టాడు. అలాంటి కేక ఆ పిల్లాడి నోట నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. బావగారి ఒళ్ళోంచి జారి కింద పడి, రెండు చేతులూ కళ్ళలో పెట్టి రుద్దుకోవడం మొదలెట్టాడు. జనం లేచారు. ఒకడు నీళ్ళు కొట్టమన్నాడు. ఒకడు కంట్లోకి ఊదమన్నాడు. ఎవరో తల్లిని పిలవమన్నారు. తల్లి అక్కడే ఉంది. పొద్దున కాయ తిరగేసిన చేతుల్తో ఉంది. పాస్టరు గారు మైకు అందుకుని బిగ్గరగా ప్రార్థన మొదలుపెట్టారు.

"ముందు చేతులు పట్టుకోండ్రా!"

అరిచింది పెద్దవాడు. కుర్చీల మీద నుంచి దూకి వచ్చి తమ్ముడి వెనక మోకాళ్ళ మీద కూర్చుని వాడి చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. రెండోవాడు వంటవాళ్ళ దగ్గరికి పరిగెత్తి పెరుగు గిన్నె ఎత్తుకొచ్చాడు. అతిథుల కోసం తెప్పించిన పెరుగు.

"గుడ్డేదిరా?"

ఎవరో పెద్దాయన బావగారి భుజం మీద కండువా లాగి ఇవ్వబోయాడు.

"అదొద్దు! పెదనాన్న చేతులు తుడుచుకుంది దాంతోనే," అన్నాడు రెండోవాడు. ఆ సంగతి షామియానా కింద ఉన్నవాళ్ళలో వాడొక్కడే గమనించాడు.

మూడోవాడు అటూ ఇటూ చూశాడు. ముందు బల్ల మీద వాళ్ళ నాన్న ఫొటో, ఫొటో కింద తెల్లగుడ్డ. వాడు ఆ గుడ్డ పట్టుకుని లాగాడు. ఫొటో బోర్లా పడింది, ప్లాస్టిక్ పూలు చెదిరిపోయాయి. ఒకామె "అయ్యో ప్రభువా" అంది. గుడ్డ పెరుగులో ముంచి చిన్నవాడి కళ్ళ మీద వేశారు. ఆ కూడికలో మా ఆయన మెచ్చుకునే పని జరిగిందంటే అదొక్కటే.

"చేతులెనక్కి," అన్నాడు పెద్దవాడు, చేతులు తనే పట్టుకుని ఉన్నా. "కళ్ళు మూయ్. నోరు కూడా మూయ్, పెరుగు పోద్ది."

చిన్నవాడు నోరు మూశాడు. ఏడుపు ముక్కులోంచి వచ్చింది. కాసేపయ్యాక బకెట్టు తెచ్చి నీళ్ళు పోశారు, మళ్ళీ పెరుగు, మళ్ళీ నీళ్ళు. ఈ పని వాళ్ళు శాంతంగా చేశారని ఎవరూ అనుకోవద్దు. పట్టుకోవడం రాదని ఒకడు, నీళ్ళు నీ జేజమ్మ పోస్తుందా అని ఇంకొకడు తిట్టుకుంటూనే చేశారు. మూడోవాడు మధ్యలో ఒక వేలు పెరుగు నాకాడు, మొట్టికాయ తిన్నాడు.

ఈలోగా బావగారి కళ్ళు మండటం మొదలైంది. ముందు గంభీరంగా ఓర్చుకున్నారు. తర్వాత మూలిగారు. తర్వాత "ఒరేయ్ నీళ్ళు! నీళ్ళు తెండ్రా!" అని కుర్చీ తన్నేసి లేచి, కండువా తీసుకుని కళ్ళకేసి రుద్దుకున్నారు. ఆ కండువాలో గింజల పొడి ఉంది. ఆ తర్వాత ఆయన మిరప చేలో పుట్టినవాడిలా అరవలేదు.

"చేతులెనక్కి పెట్టు పెదనాన్నా," అన్నాడు రెండోవాడు.

"ముందు నీళ్ళు కొట్టరా నీ..."

"రుద్దితే పోదు. చేతులెనక్కి."

అరవై ఏళ్ళ మనిషి, లారీ ఆఫీసు ఓనరు, ఇప్పుడే నలుగురు పిల్లల్ని మైకులో పంచినవాడు, చేతులు వెనక్కి పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో తల పైకెత్తి కూర్చున్నారు. మూడోవాడు వెనక నుంచి ఆ చేతులు పట్టుకున్నాడు. నమ్మకం చాలక మణికట్ల మీద కాలు కూడా పెట్టాడు. పెద్దవాడు పెరుగు గుడ్డ ఆయన మొహం మీద వేసి, "కళ్ళు మూయి. నోరు కూడా" అన్నాడు. ఆయన మూశారు. ఫోన్లు మాత్రం ఎవరూ దించలేదు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నా చేతులు వెనకే ఉన్నాయి.

వదిన చాలాసేపు పిల్లల్ని చూసింది. తర్వాత నన్ను అడిగింది.

"ఎవరు నేర్పారు వీళ్ళకి?"

"ఎవరూ నేర్పలా. రోజూ కడిగించుకున్నారు."

భోజనాలయ్యాయి. పెరుగు లేకుండానే అందరూ తిన్నారు, పెరుగు లేదని చాలామంది సణిగారు కూడా. బస్సు వేళకి వదిన చెప్పులు వేసుకుంటూ, నా వంక చూడకుండా, "గుడ్డలు సర్దావా?" అంది.

"ఇంకా లేదు."

"సర్దమాకలే."

చిన్నవాడి కళ్ళు అప్పటికి ఎర్రగా వాచి ఉన్నాయి. వాడు ఆమె చెయ్యి పట్టుకుని, "కనిగిరిలో కొండ ఉందంట గదా అత్తా, ఎక్కనిస్తారా?" అన్నాడు. వాడికి వెళ్ళాలనే ఉంది. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి, సెలవులకి రమ్మంది. సెలవులకి నలుగురూ వెళ్ళారు. నాలుగో రోజుకే తీసుకుపొమ్మని ఫోన్ చేసింది.

బావగారు హాస్టలు మాట మళ్ళీ ఎత్తలేదు. డ్రైవరు నల్లకళ్ళజోడు పెట్టుకుని కారెక్కారు. తర్వాత చిలకలూరిపేట నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, తమ్ముడి కూడికలో ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయని ఆయన అక్కడ అందరికీ చెప్పుకున్నారట. విన్నవాళ్ళు అయ్యో అన్నారట. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

ఆ సాయంత్రం నుంచి పెద్దవాడు కుళాయి దగ్గర తమ్ముళ్ళ మొహాలు కడిగాడు. కోతల కాలంలో వాణ్ణి కాయ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. వాడు దాన్ని పూర్తిగా వాడుకున్నాడు. చేతులు పాడవుతాయని చెప్పి గిన్నెలు తోమలేదు, కట్టెలు మొయ్యలేదు, చివరికి లెక్కల హోంవర్కు కూడా ఎగ్గొట్టాడు. కడిగేటప్పుడు పగ ఉన్న తమ్ముడి చెవులు నులిమేవాడు. ముక్కులోకి నీళ్ళు పోసేవాడు. టీకొట్టు బల్ల మీద వాళ్ళు అప్పుడు కూడా కూర్చుని ఉండేవాళ్ళు.

"ఏరా, మీ నాన్న పోస్టు నీకిచ్చారా?"

"నీక్కూడా కడగనా బాబాయ్? చేతులెనక్కి పెట్టు."

వాళ్ళు నవ్వేవాళ్ళు, మర్నాడు మళ్ళీ అదే అడిగేవాళ్ళు. తండ్రిని ఆడంగి అని నవ్వినవాళ్ళే కొడుకుని బుద్ధిమంతుడు అన్నారు. పని ఒకటే, కుళాయి ఒకటే. ఆ మనుషులు ఏదైనా మెచ్చుకుంటే ఆ పని చెయ్యడం మానెయ్యాలనిపిస్తుంది నాకు.

పెద్దవాడు పాలిటెక్నిక్‌కి వెళ్ళాక ఆ పని రెండోవాడికి వచ్చింది. రెండోవాడు వెళ్ళాక మూడోవాడికి. మూడోవాడు కడగాల్సింది చిన్నవాణ్ణి ఒక్కణ్ణే. అప్పటికి చిన్నవాడికి తొమ్మిదేళ్ళు, సొంతంగా కడుక్కోగలడు. అయినా ఐదున్నరకి వెళ్ళి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు. ఒకరోజు మూడోవాడు ఫోను చూస్తూ, "నువ్వే కడుక్కోరా, ఎద్దులా ఉన్నావ్" అన్నాడు. చిన్నవాడు కాసేపు నిలబడి, తనే కడుక్కుని లోపలికి వచ్చాడు. అది ఏ రోజో నేను గుర్తుపెట్టుకోలేదు. గుర్తుపెట్టుకోవాల్సిన రోజని అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు ఇంట్లో బాత్రూమ్ ఉంది, ఎప్పుడు తిప్పినా నీళ్ళొస్తాయి. వీధి కుళాయి తలకాయ ఎవరో విరిచారు. చేను కౌలుకిచ్చేశాను. కోతకొచ్చే ఆడవాళ్ళలో కొందరు చేతులకి తొడుగులు వేసుకుంటున్నారు. సెలవుల్లో నలుగురూ వచ్చినప్పుడు ఇల్లు మళ్ళీ అంత దరిద్రంగానూ తయారవుతుంది. తడి తువ్వాళ్ళు మంచం మీద, ఛార్జర్ల కోసం కొట్లాట, గడ్డం గీసుకున్న వెంట్రుకలు సింకు నిండా. చుట్టాలు వచ్చి, రాణివమ్మా అని ఇంకా అంటూనే ఉన్నారు.

నేను కాయ ముట్టుకుని రెండేళ్ళయింది. నా చేతులు ఇప్పుడు ఎవరి మొహానికైనా పనికొస్తాయి.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరి మొహం ఎవరూ కడగరు.